పాత అనలాగ్ సీసీటీవీ కెమెరాల నుంచి డిజిటల్ కెమెరాలకు మారడం: ఏం లాభం, ఎలా చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

కెమెరా ఉంది, రికార్డింగ్ ఉంది, లోపలికి వచ్చిన మనిషి కూడా కనిపిస్తున్నాడు. ముఖం మాత్రం లేదు. మా బంధువుల గోడౌన్‌లో దొంగతనం జరిగిన మర్నాడు డీవీఆర్ (కెమెరాల వీడియోని రికార్డు చేసే పెట్టె) ముందు కూర్చుని, ఆ కొన్ని సెకన్ల వీడియోని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో లెక్కలేదు. జూమ్ చేస్తే ముఖం ఉండాల్సిన చోట నాలుగైదు బూడిదరంగు గళ్ళు, అంతే. ఏళ్ల తరబడి రాత్రీపగలూ తిరిగిన ఆ వ్యవస్థ, పనికిరావాల్సిన ఒక్క రాత్రి చేతులెత్తేసింది. పైగా డీవీఆర్ గడియారం దాదాపు అరగంట వెనక ఉంది, కాబట్టి ఎన్ని గంటలకు జరిగిందో కూడా గట్టిగా చెప్పలేకపోయాం.

తర్వాత అక్కడ అనలాగ్ మొత్తం తీసేసి డిజిటల్ కెమెరాలు పెట్టించే పని నేనే దగ్గరుండి చూశాను. కొన్ని తప్పులు చేసి, కొన్నిటిని మళ్ళీ విప్పి బిగించి, చివరికి అర్థమైంది ఒక్కటే: కెమెరా గురించి అడగాల్సిన ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్?" కాదు, "ఏదైనా జరిగిన రోజు, ఈ చోట నిలబడ్డ మనిషిని ఈ ఫుటేజ్ చూసి గుర్తుపట్టగలమా?" అన్నది. డిజిటల్ కెమెరాలతో ఆ ప్రశ్నకు "అవును" అని చెప్పడం సాధ్యమే. కానీ పెట్టె విప్పి గోడకు బిగించినంత మాత్రాన ఆ సమాధానం రాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం

అనలాగ్ అని జనం రెండు వేరువేరు వాటిని పిలుస్తున్నారు. ఒకటి అసలైన పాత అనలాగ్: టీవీ కోసం పుట్టిన పాల్, ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్‌నే కోయాక్సియల్ కేబుల్‌లో (కేబుల్ టీవీ వైరు లాంటిది) పంపే కెమెరాలు. వీటి నాణ్యతని 420, 600, 700 టీవీ లైన్లు అని చెప్పేవారు. రెండోది హెచ్‌డీ అనలాగ్: హెచ్‌డీ-టీవీఐ, హెచ్‌డీ-సీవీఐ, ఏహెచ్‌డీ అనే రకాలు. కేబుల్ అదే, బీఎన్‌సీ కనెక్టర్ అదే, కానీ బొమ్మ 2 మెగాపిక్సెల్ నుంచి 8 మెగాపిక్సెల్ దాకా వస్తుంది. వీటిని పాతవాటితో కలిపి తీసిపారేయడం న్యాయం కాదు.

డిజిటల్ అంటే ఇక్కడ ఐపీ కెమెరా. వీడియోని కెమెరాలోనే డేటాగా మార్చి, కుదించి, మామూలు నెట్‌వర్క్ కేబుల్‌లో పంపుతుంది. రికార్డు చేసే పెట్టెని డీవీఆర్ అనరు, ఎన్‌వీఆర్ అంటారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, ఆక్సిస్ కంపెనీ నెట్‌ఐ 200 అనే మొదటి నెట్‌వర్క్ కెమెరాని 1996లోనే తెచ్చింది. అప్పట్లో అది పూర్తి సైజు బొమ్మ ఒక్కటి పంపడానికి 17 సెకన్లు తీసుకునేది! ఇప్పుడు అదే పని సెకనుకి 25 సార్లు, 4కేలో జరుగుతోంది.

మొదటి అడుగు: మీ దగ్గర ఇప్పుడు ఏముందో చూడండి

రికార్డర్ వెనక్కి తిప్పండి. గుండ్రంగా మెలిపెట్టి బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు వరుసగా ఉంటే అది డీవీఆర్. కెమెరాల కోసం చతురస్రంగా ఉండే ఆర్‌జే45 పోర్టులు వరుసగా ఉంటే ఎన్‌వీఆర్. డీవీఆర్ అయితే, తర్వాత రికార్డింగ్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ చూడండి. సీఐఎఫ్, డీ1, 960హెచ్ అని ఉంటే మీది పాత తరం, మార్చాల్సిందే. 1080పీ అని ఉంటే హెచ్‌డీ అనలాగ్. 1080ఎన్ అని ఉంటే మాత్రం జాగ్రత్త, చాలామంది దాన్ని ఫుల్ హెచ్‌డీ అనుకుంటారు. నిలువునా 1080 ఉంటుంది కానీ అడ్డంగా సుమారు సగమే రికార్డవుతుంది, చూసేటప్పుడు దాన్ని సాగదీసి చూపిస్తారు.

ఆ తర్వాత ఒక పరీక్ష చేయండి. రాత్రి లైట్లు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచి, ఇంట్లోవాళ్లనో పనివాళ్లనో గేటు నుంచి తలుపు దాకా మామూలు వేగంతో నడవమనండి. రికార్డయిన వీడియోని ఆపి చూడండి (లైవ్‌లో కాదు, రికార్డింగ్‌లోనే చూడాలి, రెండూ ఒకేలా ఉండవు). నడిచినవాళ్లని ఎప్పుడూ చూడని బయటి మనిషికి ఆ ఫ్రేమ్ చూపిస్తే, రేపు వీధిలో వాళ్లు ఎదురైతే పోల్చుకోగలడా? మనకి తెలిసిన మనిషైతే నడకని బట్టి, చొక్కాని బట్టి మెదడే ఖాళీలు పూరించేస్తుంది, అందుకే ఆ తీర్పు మనం ఇవ్వకూడదు.

అసలు తేడా ఎక్కడుంది

పాత అనలాగ్‌లో డీ1 రిజల్యూషన్ అంటే 704×576, అంటే సుమారు 4 లక్షల పిక్సెళ్లు (బొమ్మని కూర్చే చుక్కలు). 2 మెగాపిక్సెల్ ఐపీ కెమెరా 1920×1080, సుమారు 20.7 లక్షలు. 4కే అయితే 3840×2160, దాదాపు 83 లక్షలు. మొదటిదానికీ చివరిదానికీ 20 రెట్ల తేడా.

అందరూ చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది గానీ, నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. పాత అనలాగ్ సిగ్నల్ ఒక బొమ్మని ఒకేసారి తీయదు, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి తీసి రెండూ కలుపుతుంది. మనిషి నిలబడి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పరిగెడుతుంటే ఆ రెండు సగాల మధ్యలో అతను కాస్త జరిగిపోతాడు కాబట్టి, వీడియో ఆపిన చోట అంచులన్నీ దువ్వెన పళ్ళలా చీలిపోయి కనిపిస్తాయి. దొంగ ఎప్పుడూ నిలబడి ఫొటోకి పోజివ్వడు కదా. ఐపీ కెమెరాలు పూర్తి ఫ్రేముని ఒక్కటిగా ఇస్తాయి, కాబట్టి ఈ చీలిక ఉండదు.

ఇంకోటి కేబుల్. అనలాగ్ సిగ్నల్ దూరం పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా మసకబారుతుంది, పక్కనే కరెంటు వైర్లు వెళ్తే గీతలొస్తాయి, కెమెరా దగ్గర ఎర్తింగ్ ఒకలా, రికార్డర్ దగ్గర ఇంకోలా ఉంటే తెరమీద అడ్డంగా పట్టీలు పైకి పాకుతూ ఉంటాయి. ఈ మసకంతా రికార్డింగ్‌లోకి ఎక్కేస్తుంది, తర్వాత దాన్ని బాగుచేసే దారి లేదు. డిజిటల్‌లో డేటా చేరితే పూర్తి నాణ్యతతో చేరుతుంది, లేకపోతే కెమెరా ఆఫ్‌లైన్ అయిపోతుంది లేదా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఇది కూడా మంచిదే అంటాను, ఎందుకంటే లోపం దాక్కోదు, వెంటనే బయటపడుతుంది.

రెండో అడుగు: కెమెరాలు కొనకముందే కాగితం మీద లెక్క వేయండి

దయచేసి ఈ అడుగు దాటేయకండి. ఖర్చు ఎక్కువ పెట్టి కూడా ముఖం కనిపించని వ్యవస్థలన్నీ ఇక్కడే తప్పాయి.

సీసీటీవీ వ్యవస్థల కోసం ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 నాటి కూర్పులో ఒక మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్లు పడితే ఏ పనికి సరిపోతుందో చెప్పారు. ఎవరో ఉన్నారని కనిపెట్టడానికి మీటరుకి 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. ముందెప్పుడూ చూడని మనిషిని నిస్సందేహంగా గుర్తించడానికి 250 కావాలి. ఈ మూడు అంకెలూ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. మీ కెమెరాకి 2.8 ఎంఎం లెన్స్ ఉందనుకోండి, అది సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. గేటు 8 మీటర్ల దూరంలో ఉంది. ఆ దూరంలో కెమెరాకి కనిపించే వెడల్పు సుమారు 19 మీటర్లు. పాత డీ1 కెమెరాలో 704ని 19తో భాగిస్తే మీటరుకి 37 పిక్సెళ్లు, అంటే "ఎవరో వచ్చారు" అనడానికి తప్ప దేనికీ పనికిరాదు. సరిగ్గా మా గోడౌన్ కథ ఇదే. 2 మెగాపిక్సెల్‌కి మారితే 101. బాగా పెరిగింది, అయినా తెలిసినవాళ్లని పోల్చుకోవడానికి కూడా చాలదు. సరే అని ఎంతో ఖర్చు పెట్టి 4కే కొన్నా 3840ని 19తో భాగిస్తే 202. అప్పటికీ 250 రాలేదు!

అదే చోట 6 ఎంఎం లెన్స్ ఉన్న మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా పెట్టండి. అది సుమారు 50 డిగ్రీలే చూస్తుంది, 8 మీటర్ల దూరంలో వెడల్పు 7.5 మీటర్లు. 1920ని 7.5తో భాగిస్తే 256. పని అయిపోయింది. అంటే గేటు మీద గురిపెట్టిన సాదా కెమెరా, అన్నిటినీ చూడాలని పెట్టిన ఖరీదైన కెమెరాని ఓడించింది.

కాబట్టి స్థలం పటం గీసి, ప్రతి కెమెరా పక్కన దాని పని ఏమిటో రాయండి. ఆవరణ మొత్తం ఎవరు ఎటు తిరిగారో చూడడానికి వెడల్పు లెన్స్ కెమెరా ఒకటి, మనుషులు తప్పనిసరిగా దాటాల్సిన చోట్ల (గేటు, తలుపు, మెట్ల మొదలు) ఇరుకు లెన్స్ కెమెరాలు. ఒకే కెమెరాతో రెండు పనులూ చేయించాలని చూస్తే రెండూ సగం సగమే అవుతాయి. దూరం తేల్చుకోలేకపోతే వేరీఫోకల్ లెన్స్ తీసుకోండి, బిగించాక అక్కడే సర్దుకోవచ్చు.

మూడో అడుగు: కేబుల్, కరెంటు

ఐపీ కెమెరాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది పీఓఈ. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటా, కరెంటు రెండూ వెళ్తాయి. పాత పద్ధతిలో వీడియోకి ఒక వైరు, 12 వోల్టుల కరెంటుకి ఇంకో వైరు, ఎక్కడో మూలన కరెంటుని 12 వోల్టులకి మార్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె. దూరం ఎక్కువైతే కెమెరా దగ్గరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోయేది. పగలు బాగా పనిచేసిన కెమెరా చీకటి పడి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడడానికి కెమెరాలోనే ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు) వెలగగానే ఆగిపోయి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగిపోతోందంటే కారణం చాలావరకు ఇదే. పీఓఈ అంతకంటే చాలా ఎక్కువ వోల్టేజ్‌తో పంపుతుంది కాబట్టి ఆ బాధ తగ్గిపోతుంది.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. నెట్‌వర్క్ స్విచ్‌ని (కెమెరా కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె), ఎన్‌వీఆర్‌ని, రౌటర్‌ని ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే చాలు, కరెంటు పోయినా కెమెరాలన్నీ బతికే ఉంటాయి. విడివిడి అడాప్టర్లతో నడిచే చోట ఇది చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు.

పీఓఈలో 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరా దాకా చేరేది 12.95 వాట్లు. మామూలు కెమెరాలకి ఇది సరిపోతుంది. తిరిగే పీటీజెడ్ కెమెరాలకి సాధారణంగా 802.3ఏటీ కావాలి, అది పోర్టుకి 30 వాట్లు ఇస్తుంది. స్విచ్ కొనేటప్పుడు పోర్టులు లెక్కపెట్టి ఊరుకోకండి, మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూడండి. 8 కెమెరాలు తలా 9 వాట్లు తీసుకుంటే 72 అవుతుంది, 60 వాట్ల స్విచ్ మీద అవి పగలు నడిచి, రాత్రి ఐఆర్ వెలగగానే ఒక్కొక్కటీ పడిపోతాయి.

కేబుల్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. క్యాట్6 లేదా కనీసం క్యాట్5ఈ, అదీ పూర్తి రాగిది తీసుకోండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసి అమ్మే సీసీఏ కేబుల్ తక్కువకి దొరుకుతుంది, చూడడానికి తేడా తెలియదు, కానీ దాని నిరోధం ఎక్కువ, పీఓఈ కరెంటు వెళ్తే వేడెక్కుతుంది, దూరపు కెమెరాలు ఆగిపోతుంటాయి. చివర కాస్త తొక్క తీసి తీగని గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దని చెప్పేయండి. గోడల్లోంచి లాగేశాక మళ్ళీ మార్చడం చాలా పెద్ద పని.

నెట్‌వర్క్ కేబుల్ హద్దు 100 మీటర్లు. అంతకంటే దూరమైతే మధ్యలో ఇంకో స్విచ్, లేదా ఫైబర్. ఇక్కడ పాత కోయాక్సియల్‌దే పైచేయి, అది అంతకంటే బాగా దూరం లాగేది. గోడల్లో మంచి కోయాక్సియల్ ఇప్పటికే ఉండి, పగలగొట్టే వీలు లేకపోతే, దాని మీదే ఐపీ డేటా పంపే ఈథర్నెట్ ఓవర్ కోయాక్స్ కన్వర్టర్లు దొరుకుతాయి. రెండు చివర్లా ఒక్కొక్కటి పెట్టాలి.

వైఫై కెమెరాల గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: ముఖ్యమైన గేటుకి వైఫై పెట్టకండి. సిగ్నల్‌కి అడ్డొస్తే పోతుంది, కావాలని ఆపడమూ సాధ్యమే, పైగా కరెంటు వైరు ఎలాగూ లాగాలి. అద్దెకుండే చోట, వైరు లాగలేని చోట మాత్రం లేనిదానికంటే నయం.

నాలుగో అడుగు: ఎన్ని రోజులు దాచాలో తేల్చుకుని హార్డ్ డిస్క్ కొనండి

దీనికో సులువైన సూత్రం ఉంది. కెమెరా బిట్‌రేట్‌ని (సెకనుకి ఎంత డేటా పంపుతుందో చెప్పే అంకె), ఎంబీపీఎస్‌లో, 10.8తో గుణిస్తే రోజుకి ఎన్ని జీబీలు పడతాయో వచ్చేస్తుంది. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్ మీద నడిస్తే రోజుకి 43.2 జీబీ. అలాంటివి నాలుగుంటే 172.8 జీబీ. 4 టీబీ డిస్క్ పెడితే లెక్క ప్రకారం 23 రోజులు, నిజానికి కొంచెం తక్కువే వస్తాయనుకోండి. దొంగతనాలు వెంటనే తెలియవు, ఊరెళ్ళి పది రోజుల తర్వాత వచ్చి చూసుకునేవాళ్లు ఉంటారు, అందుకని రెండు వారాలకి తగ్గకుండా పెట్టుకోమంటాను.

హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఉన్న కెమెరాలు తీసుకుంటే పాత హెచ్.264తో పోల్చితే దాదాపు సగం జాగాలో అదే నాణ్యత వస్తుంది. కానీ డిస్క్ మిగులుతుంది కదా అని బిట్‌రేట్‌ని మరీ కిందికి తొక్కకండి. 4కే కెమెరా కొని 2 ఎంబీపీఎస్ మీద నడిపితే, కదలిక మొదలవగానే బొమ్మ మొత్తం ముద్దలా అయిపోతుంది, అంటే సరిగ్గా మనకి కావాల్సిన క్షణంలో.

డిస్క్ కూడా సీసీటీవీ కోసం చేసినదే పెట్టండి. వెస్టర్న్ డిజిటల్‌లో పర్పుల్, సీగేట్‌లో స్కైహాక్ అనే వరుసలు ఈ పనికే ఉన్నాయి, 24 గంటలూ రాస్తూనే ఉండేలా తయారైనవి. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ కొన్నాళ్లు నడుస్తుంది, ఎప్పుడు ఆగిపోయిందో మాత్రం ఎవరూ గమనించరు. ఎన్‌వీఆర్ సెట్టింగ్స్‌లో డిస్క్ ఎర్రర్ వస్తే బీప్ కొట్టే, మెసేజ్ పంపే ఆప్షన్ ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆన్ చేయండి.

చాలా ఐపీ కెమెరాల్లో మైక్రోఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు కూడా ఉంటుంది. అనలాగ్ కెమెరాతో ఈ వీలు ఉండేది కాదు, రికార్డర్‌ని ఎత్తుకుపోతే కథ ముగిసినట్టే. గేటు కెమెరాలో ఒక కార్డు వేసి ఉంచితే ఎన్‌వీఆర్ పోయినా ఆ ముక్క మిగులుతుంది. ఎన్‌వీఆర్‌ని కూడా హాల్లో టీవీ కింద అందరికీ కనపడేలా పెట్టకండి. తాళం వేసిన, కాస్త గాలి ఆడే బీరువానో అటకో చూడండి.

ఇంకోటి, కొనేముందు కెమెరాకి, ఎన్‌వీఆర్‌కి రెండింటికీ ఓఎన్‌విఫ్ సపోర్ట్ ఉందో లేదో అడగండి. 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం ఇది. ఒక కంపెనీ కెమెరా ఇంకో కంపెనీ ఎన్‌వీఆర్‌తో మాట్లాడడానికి ఇదే దారి. వీడియో వరకు బాగానే కలుస్తాయి, మనిషిని, వాహనాన్ని గుర్తించే ప్రత్యేక ఫీచర్లు మాత్రం అన్నిసార్లూ దాటి రావు.

ఐదో అడుగు: బిగించడం

ముఖం కోసం పెట్టే కెమెరా 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఎవరి చేతికీ అందకూడదని పైకప్పు అంచున పెడితే టోపీలు, బట్టతలలు చాలా స్పష్టంగా వస్తాయి, ముఖాలు రావు.

తలుపు వెనక నుంచి వెలుగు వచ్చే చోట డబ్ల్యూడీఆర్ (వెలుగు, చీకటి ఒకే బొమ్మలో ఉన్నా రెండూ కనపడేలా చేసే సదుపాయం) ఉన్న కెమెరా తప్పనిసరి. 120 డెసిబెల్స్ ట్రూ డబ్ల్యూడీఆర్ అని రాసి ఉన్నది చూడండి, ఉత్త "డిజిటల్ డబ్ల్యూడీఆర్" సాఫ్ట్‌వేర్ సర్దుబాటు మాత్రమే. పాత అనలాగ్ కెమెరాల్లో తలుపులోంచి వచ్చే మనిషి నల్లటి నీడలా కనిపించేవాడు గుర్తుందా, ఆ సమస్య దీంతో చాలావరకు తీరుతుంది.

రాత్రి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. వెలుగు చాలనప్పుడు కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. బొమ్మ కళ్ళకి ప్రకాశవంతంగా ఉంటుంది, గోడలు, చెట్లు అన్నీ చక్కగా కనిపిస్తాయి, నడిచే మనిషి మాత్రం దెయ్యంలా అలికినట్టు ఉంటాడు. గేటు కెమెరాలో షట్టర్‌ని ఆటోకి వదలకుండా 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఆపండి. బొమ్మ కాస్త చీకటిగా అవుతుంది, అక్కడ ఒక బల్బు పెట్టండి. నిజం చెప్తున్నా, గేటు దగ్గర ఒక మంచి లైటు చేసే మేలు ఖరీదైన సెన్సర్ (వెలుగుని బొమ్మగా మార్చే చిప్) కూడా చేయలేదు. లైటు వీలుకాని చోట ఎక్కువ వెలుగుని లోపలికి రానిచ్చే పెద్ద ఎపర్చర్ లెన్స్ (ఎఫ్1.6 లేదా అంతకంటే తక్కువ అంకె), పెద్ద సెన్సర్ ఉన్నది ఎంచుకోండి. అదే సెన్సర్ సైజులో మెగాపిక్సెళ్లు పెంచుకుంటూ పోతే ఒక్కో పిక్సెల్‌కి అందే వెలుగు తగ్గుతుంది, అందుకే చీకట్లో మంచి 4 మెగాపిక్సెల్ ఒక్కోసారి చవక 4కేని మించిపోతుంది.

ఐఆర్ వెలుగు దగ్గర గోడకి తగిలి తిరిగొస్తే బొమ్మంతా తెల్లగా అయిపోతుంది, కాబట్టి కెమెరాని గోడకి, చూరుకి ఆనించినట్టు తిప్పకండి. ఆ వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్లు వస్తాయి, రాత్రంతా గూడు ఊగుతూ కదలిక అలర్ట్‌లు మోగిస్తుంది. నెలకోసారి తుడవడం తప్ప వేరే మందు లేదు. బయట పెట్టేవి ఐపీ66 లేదా ఐపీ67 రేటింగ్ (దుమ్మునీ నీళ్ళనీ ఎంత ఆపగలదో చెప్పేది, ఐపీ కెమెరాలోని ఐపీ కాదు) ఉన్నవే తీసుకోండి, కేబుల్ జాయింటుని జంక్షన్ బాక్స్‌లో పెట్టండి. గోడ మీద వేలాడే ఆర్‌జే45 జాయింటులోకి నీళ్ళు వెళ్తే పిన్నులు తుప్పు పట్టి ఆ కెమెరా మెల్లగా చచ్చిపోతుంది. పిడుగులు ఎక్కువగా పడే చోట, భవనం బయటికి లాగిన కేబుళ్లకి సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టించండి.

ఆరో అడుగు: సెట్టింగ్స్, ముఖ్యంగా గడియారం

ఎన్‌టీపీ ఆన్ చేయండి, టైమ్ జోన్ సరిచూడండి. ఎన్‌వీఆర్ ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుని కెమెరాలన్నిటినీ సర్దుతుంది. ఇది ఒక నిమిషం పని, మాకు ఎంత విలువైనదో ముందే చెప్పాను.

ప్రతి కెమెరాకి మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో), సబ్ స్ట్రీమ్ (తేలికపాటి చిన్న వీడియో) అని రెండుంటాయి. రికార్డింగ్ మెయిన్ స్ట్రీమ్‌లో జరగాలి, ఫోన్‌లో చూడడం సబ్ స్ట్రీమ్‌లో. బయటి నుంచి ఫోన్‌లో చూసినప్పుడు ఖర్చయ్యేది మీ ఇంటి అప్‌లోడ్ స్పీడు కాబట్టి, బొమ్మ ఆగుతుంటే ముందు అదే చూసుకోండి.

కదలిక అలర్ట్‌ల విషయంలో కొత్త కెమెరాలు నిజంగా హాయి. పాతవి పిక్సెళ్లు మారితే చాలు కదలిక అనేవి. ఆకు ఊగినా, వాన పడినా, వెలుగు మారినా మోతే. చివరికి విసుగొచ్చి ఆపేసేవాళ్లం. ఇప్పటివి మనిషి, వాహనం అని వేరుచేసి చెప్పగలవు. ఒక గీత గీసి, దాన్ని మనిషి దాటితేనే చెప్పు అని పెట్టండి. రికార్డింగ్ మాత్రం 24 గంటలూ నడవనివ్వండి, కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేయమంటే అది గుర్తించని కదలిక రికార్డే అవ్వదు.

పక్కింటి కిటికీ, వాకిలి ఫ్రేములో పడితే ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగాన్ని కప్పేయండి. మైకు అవసరం లేకపోతే ఆపేయండి, మాటలు రికార్డ్ చేయడం మీద చాలా దేశాల్లో వీడియో కంటే కఠినమైన నియమాలున్నాయి.

ఏడో అడుగు: డిజిటల్ తెచ్చే కొత్త ప్రమాదం

ఇది దాచి డిజిటల్ గొప్పలే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. ఇంటర్నెట్‌కి తగిలించని పాత అనలాగ్ వ్యవస్థలోకి ప్రపంచం అవతల నుంచి ఎవరూ రాలేరు. ఐపీ కెమెరా ఒక చిన్న కంప్యూటర్, దాన్ని పట్టించుకోకపోతే తలుపు తెరిచిపెట్టినట్టే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లలోకి లక్షల సంఖ్యలో చొరబడింది. అందుకు అది వాడిన గొప్ప తెలివేమీ లేదు, కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు సుమారు 60 వరుసగా ప్రయత్నించింది, అంతే. ఆ ఏడాది అక్టోబర్‌లో అలా లొంగదీసుకున్న పరికరాలతో డైన్ అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లని ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే) సంస్థ మీద చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే కొన్ని గంటలు అందకుండా పోయాయి. గమనించారా, అందులో ఎన్‌వీఆర్‌లే కాదు, నెట్‌కి తగిలించిన డీవీఆర్‌లూ ఉన్నాయి. మీ పాత డీవీఆర్‌ని ఫోన్‌లో చూస్తున్నారంటే ఈ ప్రమాదం మీకు ఇప్పటికే ఉంది, కొత్త అప్‌డేట్‌లు మాత్రం రావు.

అందుకని, మొదటి రోజే ప్రతి కెమెరాకి, ఎన్‌వీఆర్‌కి పొడవైన కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, బిగించిన మనిషికి తెలిసినదాన్ని అలాగే ఉంచకండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా కెమెరాకి చేరే దారి తెరవడం) చేయొద్దు, అలాంటి దారుల్ని పరికరాలే తెరుచుకునేలా చేసే యూపీఎన్‌పీ ఆపేయండి. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి) అన్నిటికంటే మేలు. అది చేతకాకపోతే కంపెనీ యాప్ వాడుకోవచ్చు, కానీ రెండంచెల లాగిన్ ఉంటే ఆన్ చేయాలి. కెమెరాలని ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉండే నెట్‌వర్క్ నుంచి విడదీయండి. వెనక పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ అయితే సాధారణంగా కెమెరాలు దాని వెనక సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటాయి కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు ఏడాదికి రెండుసార్లయినా చూడండి, పడకగదిలో కెమెరా పెట్టకండి.

అన్నీ మార్చాల్సిందేనా?

అవసరం లేదు. మీది 1080పీ హెచ్‌డీ అనలాగ్ అయ్యి, కేబుళ్లు బాగుండి, గేటు దగ్గర మీటరుకి పిక్సెళ్ల లెక్క 250 దాటుతుంటే దాన్ని పీకేయడం వృథా. లెన్సో, కెమెరా చోటో మార్చి చూడండి. పాత డీ1 కెమెరాలైతే, డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే, కోయాక్సియల్, ఐపీ రెండూ తీసుకునే హైబ్రిడ్ రికార్డర్ (వాటిని ఎక్స్‌వీఆర్ అని అమ్ముతారు) కొనుక్కుని ముందు గేటుకి, తలుపుకి మాత్రం ఐపీ కెమెరాలు పెట్టండి. ఆవరణ మూలల్లో పాతవే ఇంకో ఏడాది నడవనివ్వండి. నా లెక్కలో ఎనిమిది పాత కెమెరాల కంటే సరైన చోట పెట్టిన రెండు మంచి కెమెరాలు నయం.

ఎనిమిదో అడుగు: బిల్లు కట్టే ముందు పరీక్ష

బిగించినవాళ్లు లైవ్ బొమ్మ చూపించి వెళ్లిపోతారు. వెళ్లనివ్వకండి. చీకటి పడ్డాక మొదటి అడుగులో చేసిన నడక పరీక్షనే మళ్ళీ చేయించండి, గేటు దగ్గర పరిగెత్తించండి కూడా. రికార్డింగ్‌లో ఆ నిమిషాన్ని వెతికి, పెన్‌డ్రైవ్‌లోకి తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఇది మీరు సొంతంగా చేయగలగాలి, అవసరం వచ్చిన రోజు బిగించిన మనిషి ఫోన్ ఎత్తకపోవచ్చు. పోలీసులకి ఇచ్చేటప్పుడు తెర మీద ఫోన్‌తో తీసిన వీడియో కాకుండా, ఎన్‌వీఆర్ ఇచ్చిన అసలు ఫైల్ ఇవ్వండి, ఒక కాపీ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. తర్వాత యూపీఎస్‌కి వచ్చే కరెంటు ఆపి కెమెరాలు ఎంతసేపు నిలబడతాయో, కరెంటు వచ్చాక రికార్డింగ్ దానంతటదే మొదలవుతుందో చూడండి.

నడక పరీక్షని మూడు నెలలకోసారి, కెమెరా అద్దం తుడిచే రోజునే చేసేయండి. ఇక పాత డీవీఆర్‌ని వెంటనే పాతసామాన్లకి వేసేయకండి. దాని డిస్క్‌లో గత కొన్ని వారాల ఫుటేజ్ ఉంటుంది, ఒక నెల పక్కన ఉంచి, ఎవరికీ అవసరం లేదని తేలాక ఉత్త ఫార్మాట్‌తో ఆపకుండా, పూర్తిగా చెరిపేసి అప్పుడు ఇచ్చేయండి.